గుండె వ్రాసే గీత



మీ తాతగారికో, నాయనమ్మగారికో ఒంట్లో బాగుండకపోతే డాక్టరుగారు "ఒకసారి ఇ.సి.జి. తీయించండి" అని చీటీ వ్రాయటం మీలో కొందరు చూసే ఉంటారు. రోగిని బల్ల మీద పడుకోబెడతారు. చేతులకూ, కాళ్ళకూ క్లిప్పులు పెడతారు. రొమ్ము మీద చల్లని జిగురు లాంటిది రాసి, చిన్న చిన్న బిళ్ళలు అంటిస్తారు. వాటినుంచి తీగెలు ఒక పెట్టెలోకి పోతాయి. కాసేపటికి ఆ పెట్టె ఒక పొడుగాటి కాగితాన్ని బయటికి తోస్తుంది. కాగితం నిండా గళ్ళు. గళ్ళ మీద కొండలూ లోయలూ గల ఒక గీత!

ఇది చూసిన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, అన్ని తీగెలు తగిలిస్తే తాతయ్యకు కరెంటు కొట్టదా?"

ప్రశ్న మంచిదే. పెద్దవాళ్ళలో కూడా చాలామందికి ఈ భయం ఉన్నది. పైకి అడగరు, అంతే. జవాబు ముందే చెప్పేస్తాను. కొట్టదు. ఆ పెట్టె తాతయ్య ఒంట్లోకి కరెంటు పంపదు. కరెంటు తాతయ్య గుండెలోనే పుడుతున్నది. పెట్టె దానిని కొలిచి, కాగితం మీద వ్రాసి పెడుతుంది. డాక్టరు రొమ్ముకు గొట్టం ఆనించి గుండె చప్పుడు వింటాడు కదా! వినటం వల్ల గుండెకు నొప్పి కలుగుతుందా? ఇదీ అటువంటిదే. సినిమాలలో రెండు పలకలు రొమ్మున ఆనించి రోగి ఎగిరిపడేట్టు చేస్తారే, అది వేరే యంత్రం, దాని పని వేరు. ఇ.సి.జి.లో అదేమీ లేదు. ఎక్స్-రే వంటి కిరణాలూ లేవు.

"గుండెలో కరెంటు పుట్టటమేమిటి?" అంటారా? అదే ఈ నెల కథ.

మీ పిడికిలి బిగించి చూడండి. మీ గుండె సుమారుగా అంతే ఉంటుంది. పెద్దవాళ్ళ గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుందాం. గంటకు 60 నిమిషాలు, రోజుకు 24 గంటలు. లెక్క కట్టండి. 1,03,680 సార్లు! రోజుకు లక్ష పైచిలుకు. మనం నిద్రపోయినా అది నిద్రపోదు. మరి దానికి "కొట్టుకో, కొట్టుకో" అని ఎవరు చెబుతున్నారు?

గుండెలో నాలుగు గదులున్నాయి. పై రెండింటిని కర్ణికలనీ, కింది రెండింటిని జఠరికలనీ అంటారు. కుడి కర్ణిక పైభాగాన కండరంలోనే ఒక చిన్న కణుపు ఉన్నది. దానిని లయారంభకం అంటారు. దీనిని 1907లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు ప్రపంచానికి తెలియజేశారు. మన బడిలో గంట కొట్టే బంట్రోతు ఎట్లాంటివాడో గుండెకు ఈ కణుపు అట్లాంటిది. అది గంట కొట్టగానే, అంటే ఒక చిన్న విద్యుత్ కెరటాన్ని పుట్టించగానే, ముందు పై గదులు ముడుచుకొని తమలోని రక్తాన్ని కింది గదులలోకి నెడతాయి. ఆ కెరటం పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న ఇంకో కణుపు దగ్గర సెకనులో పదో వంతు సేపు ఆగుతుంది. ఎందుకు? పైనుంచి రక్తం పూర్తిగా దిగటానికి. ఆ తరువాత కెరటం కింది గదులంతటా ఒక్కసారి పాకుతుంది. అవి బలంగా ముడుచుకొని రక్తాన్ని ఊపిరితిత్తులకూ, ఒళ్ళంతటికీ తోస్తాయి. గంట వేళకు కొట్టకపోయినా, గంట శబ్దం కొన్ని తరగతులకు వినపడకపోయినా బడి ఏమవుతుందో మీకు తెలుసు. గుండె సంగతీ అంతే.

ఈ కరెంటుకు బ్యాటరీ ఎక్కడున్నది? మన ఒంట్లోని ఉప్పులలోనే ఉన్నది. సోడియం, పొటాషియం, కాల్షియం అనే వాటి రేణువులు విద్యుదావేశంతో గుండె కణాల గోడలగుండా లోపలికీ బయటికీ రాకపోకలు చేస్తుంటాయి. ఆ రాకపోకలే కరెంటు. మన శరీరమంతా ఉప్పునీరు వంటిదే కాబట్టి, గుండెలో పుట్టిన కెరటం చర్మం దాకా, చేతులదాకా, కాళ్ళదాకా వస్తుంది. కాని వచ్చేసరికి బాగా నీరసిస్తుంది. చర్మం మీద దాని బలం సుమారు ఒక మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యో వంతు. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులు. అంటే దానికంటె 1,500 రెట్లు తక్కువ. ఇంత చిన్న దానిని పట్టుకోవటం ఎట్లా? దీనికి శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా పాటుపడ్డారు.

ఇటలీలో బొలోన్యా నగరంలో గాల్వానీ అనే పండితుడు, చచ్చిన కప్ప కాళ్ళకు లోహపు ముక్కలు తగిలిస్తే అవి తటాలున తన్నుకోవటం చూశాడు. ఆ సంగతులను 1791లో ప్రకటించాడు. కండరానికీ విద్యుత్తుకూ సంబంధం ఉన్నదని లోకానికి తెలిసింది. 1856లో జర్మనీలో కోలికర్, ముల్లర్ అనే ఇద్దరు మరొక చమత్కారం చేశారు. ఒక కప్ప కాలి నరాన్ని కొట్టుకుంటున్న గుండె మీద ఆనించారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కాలు కూడా అదిరింది! గుండె ప్రతి దెబ్బకూ కరెంటు పుట్టిస్తున్నదనటానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

కాని మనిషి గుండెను బయటికి తీసి చూడలేం కదా. 1887లో లండనులో అగస్టస్ వాలర్ అనే ఆయన మనిషి రొమ్మును కోయకుండా, పైపైనే తీగెలు పెట్టి ఆ కరెంటును పట్టుకున్నాడు. సన్నని గాజుగొట్టంలో పాదరసం పోసి, కరెంటుకు ఆ పాదరసం కదిలే కదలికను ఫోటో తీశాడు. ఫోటో పలక నెమ్మదిగా జరుగుతూ ఉండాలి కదా! అందుకు ఆయన దానిని పిల్లలు ఆడుకునే బొమ్మరైలు మీద ఎక్కించాడు!

వాలరు దగ్గర జిమ్మీ అనే బుల్‌డాగు కుక్క ఉండేది. దాని కాళ్ళు ఉప్పునీళ్ళ పాత్రలలో పెట్టించి, దాని గుండె కరెంటును నలుగురికీ చూపేవాడు. 1909లో రాయల్ సొసైటీలో ఈ ప్రదర్శన జరిగితే, "మూగజీవిని హింసిస్తున్నారు!" అని పార్లమెంటులో ప్రశ్న లేచింది. కుక్క నిలబడ్డది కాస్త ఉప్పు కలిపిన నీళ్ళలోనేననీ, సముద్రంలో కాళ్ళు తడుపుకున్నవారికి అది ఎట్లా ఉంటుందో తెలుసుననీ, దానికి నొప్పి కలిగితే ఆ నొప్పి ముందు పక్కనున్నవారికే తెలిసివచ్చేదనీ మంత్రిగారు సమాధానం చెప్పారు. సభ్యులు నవ్వుకున్నారు. చూశారా, "కరెంటు కొట్టదా?" అన్న మీ ప్రశ్నను పార్లమెంటులోనే వేశారన్నమాట!

1889లో స్విట్జర్లండులో బాసెల్ నగరాన జరిగిన ఒక మహాసభలో వాలరు తన ప్రయోగం చేసి చూపాడు. చూసినవారిలో హాలండునుంచి వచ్చిన విలెం ఐంథోవెన్ ఒకడు. ఈయన 1860లో జావా ద్వీపంలో సెమరాంగ్ ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకొని హాలండు చేరి వాళ్ళను చదివించింది. ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

పాదరసం బరువైనది, గుండె కరెంటు చురుకైనది. కరెంటు ఎక్కి దిగినంత వేగంగా పాదరసం ఎక్కి దిగలేదు. అందుచేత గీత సరిగా రావటం లేదని ఐంథోవెన్ గ్రహించాడు. మరి అతి తేలికైన వస్తువేది? క్వార్ట్జు అనే గాజు వంటి రాయిని కరిగించి, ఒక బాణానికి అంటించి, ఆ బాణాన్ని దూరంగా కొట్టాడు. బాణం వెంట కరిగిన రాయి సాగి, సాలెగూటి దారం కంటె సన్నని పోగు వచ్చింది! దాని మందం మన వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దానికి వెండిపూత పూసి, బలమైన అయస్కాంతం మధ్య వేలాడదీశాడు. గుండె కరెంటు దానిలోగుండా పోతే పోగు ఇటూ అటూ కదిలేది. దాని నీడను పెద్దది చేసి ఫోటో తీశాడు. 1901లో ఈ యంత్రాన్ని గురించి ప్రకటించాడు. అది రెండు గదులు ఆక్రమించేది. 270 కిలోల బరువు. నడపటానికి అయిదుగురు మనుషులు కావాలి. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకొని కూర్చోవాలి. ఉప్పునీళ్ళెందుకో మీకిప్పుడు తెలుసు: కరెంటు దానిలోగుండా సులువుగా పోతుంది. ఈనాడు రాసే చల్లని జిగురు చేసే పనీ అదే.

అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకుపోలేరు. జబ్బుచేసినవారిని ప్రయోగశాలకు మోసుకురాలేరు. ఐంథోవెన్ ఏం చేశాడనుకున్నారు? 1905లో ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రినుంచి తన ప్రయోగశాలకు టెలిఫోను తీగెల ద్వారా రోగి గుండె కరెంటునే రప్పించాడు! ఈనాడు పల్లెటూరి ఆసుపత్రిలో తీసిన గీతను ఫోనులో పట్నంలోని గుండె డాక్టరుకు పంపి సలహా అడుగుతున్నారు. దానికి నాంది ఆనాడే జరిగింది. 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడు కాగితం చూద్దాం. ఐంథోవెన్ గీతలోని మలుపులకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. నేటికీ అవే పేర్లు. మొదట వచ్చే చిన్న మెరక పి. అది పై గదుల కరెంటు. తరువాత కాస్త చదును. కెరటం మధ్య కణుపు దగ్గర ఆగింది. ఆ తరువాత గోపురంలా నిటారుగా లేచి దిగేది క్యూ, ఆర్, ఎస్. కింది గదుల కరెంటు. చివర గుండ్రని మెరక టి; కింది గదులు మళ్ళీ దెబ్బకు సిద్ధమవుతున్నాయని అర్థం. ఇట్లా ప్రతి దెబ్బకూ ఒక వరస.

కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది. చిన్న గడి ఒక మిల్లీమీటరు. పెద్ద గడి అయిదు. అంటే అయిదు పెద్ద గళ్ళు ఒక సెకను. నిమిషానికి 300 పెద్ద గళ్ళు. ఒక గోపురానికీ తరువాతి గోపురానికీ మధ్య నాలుగు పెద్ద గళ్ళుంటే, 300ను 4తో భాగించండి. నిమిషానికి 75 దెబ్బలు. గోపురాలు సమాన దూరంలో ఉంటే, ఎన్ని గళ్ళున్నా ఇదే లెక్క.

అంటించే బిళ్ళలూ, క్లిప్పులూ కలిసి పదే. కాగితం మీద గీతలు మాత్రం పన్నెండు రకాలు. ఎందుకంటారా? గుడిని తూర్పునుంచి చూస్తే ఒక తీరు, పడమటినుంచి చూస్తే ఒక తీరు. ముందునుంచి మాత్రమే చూసినవాడికి వెనకగోడ బీట తెలియదు. అందుకే గుండెను పన్నెండు వైపులనుంచి చూస్తారు. ఈమధ్య కొన్ని చేతిగడియారాలు కూడా ఇ.సి.జి. తీస్తున్నాయి. కాని అవి చూసేది ఒక వైపునుంచే. దానిని పన్నెండింటికి సమానమనుకోరాదు.

గీత తీసేటప్పుడు మాట్లాడకుండా, కదలకుండా పడుకోమంటారు. చేతి కండరాలకూ కరెంటు ఉన్నది కదా! చలికి వణికినా, చెయ్యి బిగించినా ఆ కరెంటు కలిసి గీత చెదురుతుంది.

ఈ గీత డాక్టరుకు ఏమి చెబుతుంది? గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నదా, మరీ వేగంగానా, తాళం తప్పుతున్నదా చెబుతుంది. పైనుంచి కిందికి కెరటం సరిగా దిగుతున్నదో లేదో చెబుతుంది. రక్తంలో పొటాషియం బాగా హెచ్చినా తగ్గినా ఆ జాడ చూపుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, గుండెకండరానికి రక్తం అందించే నాళం మూసుకుపోయి గుండెపోటు వస్తుంటే, ఎస్‌కూ టికీ మధ్య ఉండే చదును పైకి లేచో, కిందికి కుంగో చాలాసార్లు దానిని పట్టిస్తుంది. రక్తం అందని కండరం నిమిషనిమిషానికీ చస్తూ ఉంటుంది. అందుకే రొమ్ము నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాలలో ఇ.సి.జి. తీయాలని వైద్యుల నియమం.

మరి ఈ గీతకు అన్నీ తెలుసునా? తెలియవు. ఇది గమనించండి. గుండెపోటు మొదలైన కొత్తలో గీత మామూలుగానే ఉండవచ్చు. అందుచేతనే కొంతసేపటికి మళ్ళీ తీస్తారు, రక్తపరీక్ష కూడా చేస్తారు. తాళం ఎప్పుడో ఒకసారి తప్పేవారికి, పరీక్ష చేసే ఆ పది సెకన్లలో తప్పకపోవచ్చు. అటువంటివారికి ఒక చిన్న యంత్రాన్ని రోజంతా ఒంటికి కట్టి ఉంచుతారు. అమెరికాలో హోల్టరు అనే ఆయన 1940ల్లో మొదట చేసినప్పుడు అది 38 కిలోల మూట. వీపున మోయవలసి వచ్చేది! ఇప్పుడు జేబులో పడుతుంది. కవాటాలు ఎట్లా ఉన్నవో చూడటానికి వేరే పరీక్ష ఉన్నది. కాబట్టి "గీత బాగానే ఉన్నది" అన్న మాట, నొప్పి తగ్గనివారికి ఇంటికి పోవటానికి సెలవుచీటీ కాదు సుమా!

ఇక్కడ ఒక సంగతి చెబుతాను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారొకరికి ఒకనాటి సాయంత్రం రొమ్ము బరువెక్కి, చెమటలు పట్టాయి. ఇంట్లోవాళ్ళు "గ్యాసు అయి ఉంటుంది, సోడా తాగండి," అన్నారు. ఎనిమిదో తరగతి చదివే వారి అమ్మాయి ఊరుకోలేదు. 108కి ఫోను చేయించింది. బండి వచ్చేలోగా బీరువాలోనుంచి ఒక కాగితం తీసుకున్నది. అయిదేళ్ళ కిందట కంటి ఆపరేషనుకు ముందు తండ్రికి తీసిన ఇ.సి.జి. అది. ఆసుపత్రిలో కొత్త గీత తీశారు. అందులో తేడా ఉన్నట్టే ఉన్నది, కాని చాలా కొద్ది. అది పాతదా, కొత్తదా? డాక్టరు అడిగేలోగానే ఆ పిల్ల పాత కాగితం చేతికిచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. పాతదానిలో లేని మార్పు కొత్తదానిలో ఉన్నది. వెంటనే వైద్యం మొదలుపెట్టారు. ఆ మాస్టారు ఆ తరువాత చాలా ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పారు.

దీనివల్ల మనం నేర్చుకోవలసింది రెండు. ఈ భాగం మీ అమ్మగారికీ, నాన్నగారికీ చదివి వినిపించండి. ఒకటి: రొమ్ములో బరువు, నొక్కినట్టు నొప్పి, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "గ్యాసు" అని తీర్పు చెప్పే పని మనది కాదు. స్త్రీలకూ, మధుమేహం ఉన్నవారికీ నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. అమ్మమ్మ "ఏమీ లేదులే, పడుకుంటే పోతుంది" అన్నా సరే, ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండు: ఇంట్లో పెద్దవాళ్ళ పాత ఇ.సి.జి.ని పారేయకూడదు. ఆ కాగితం మీది అచ్చు వేడికీ, ఎండకూ కొంతకాలానికి వెలిసిపోతుంది. కాబట్టి తీసిననాడే జిరాక్సు తీయించి, పేరూ తేదీ వేసి, రేషను కార్డుతోపాటు భద్రంగా ఉంచండి. ఫోనులో ఒక ఫోటో కూడా ఉంచండి. నెమ్మదిగా ఉన్ననాటి గీత, కష్టం వచ్చిననాటి గీతకు సాక్షి. ఈ పని పిల్లలే చేయవచ్చు.

పిల్లలకు ఈ పరీక్ష ఎందుకు వ్రాస్తారు? పరుగెత్తుతూనో, ఆడుతూనో స్పృహ తప్పి పడిపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు గుండె దడదడ కొట్టుకున్నా, ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉన్నా వ్రాస్తారు. అటువంటిది మీకు జరిగితే సిగ్గుపడి దాచకండి. ఇంట్లో చెప్పండి.

ఇక ఈ నెల మీరు చేయవలసిన పని. మణికట్టు దగ్గర బొటనవేలి వైపున మూడు వేళ్ళు ఆనించి నాడి చూసుకోండి. గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. తరువాత నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ, వదులుతూ గమనించండి. పీల్చినప్పుడు నాడి కాస్త వేగమై, వదిలినప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. పిల్లలలో ఇది బాగా తెలుస్తుంది. భయపడకండి, ఇది ఆరోగ్యలక్షణమే. ఆ తరువాత గళ్ళ కాగితం తీసుకొని, మీ నాడి లెక్క ప్రకారం ఎన్ని పెద్ద గళ్ళకొక గోపురం రావాలో కట్టి, పి నుంచి టి దాకా మూడు దెబ్బల గీత గీయండి. నాడి 100 ఉన్నవాడి గోపురాల మధ్య ఎన్ని గళ్ళుండాలి? జవాబు మూడు. ఎట్లా వచ్చిందో మీ తమ్ముడికి చెప్పి చూడండి. వాడికి అర్థమైతే మీకూ అర్థమైనట్టే.